బీరువాల వెనక కుర్రకారు

గ్రంథాలయం అనగానే గోడమీద ‘నిశ్శబ్దం’ బోర్డు, ముక్కుమీదికి జారిన కళ్లద్దాలు, గుసగుసలాడితే కసురుకునే పెద్దాయన గుర్తొస్తారు. కానీ నల్లగొండ, పాలమూరు మెట్ట సీమల చరిత్ర తిరగేస్తే వేరే ముఖాలు కనిపిస్తాయి. ఇక్కడివాళ్లకు పుస్తకాల రుచి చూపించినవాళ్లలో చాలామంది పాతిక, ముప్పై ఏళ్ల కుర్రాళ్లే. జట్టుగా తిరిగారు, మారుపేర్లతో ఆటపట్టించారు, సర్కారు నోరు నొక్కితే చమత్కారంతో తప్పించుకున్నారు. వాళ్ల ముచ్చట్లు కొన్ని, బయటి ప్రపంచంలో వాళ్లకు తోడబుట్టినవాళ్లలాంటి వాళ్ల ముచ్చట్లు కొన్ని చూద్దాం.

పాతికేళ్లు నిండని వ్యవస్థాపకులు

హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న మొదలైంది. పుట్టిల్లు రావిచెట్టు రంగారావు గారి ఇల్లే. ఆయనది నల్లగొండ జిల్లా దండెంపల్లి. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. పక్కన నిలబడిన కొమర్రాజు లక్ష్మణరావు కూడా 1877లో పుట్టినవారే. తెలుగు బడి దొరకడమే కష్టమైన రోజుల్లో, ఉర్దూ రాజభాషగా ఉన్న నగరం నడిబొడ్డున ఈ ఈడువాళ్లు తెలుగు పుస్తకాలకు ఒక గూడు కట్టారు. రంగారావు గారు 1910లో, ముప్పై మూడేళ్లయినా రాకముందే పోయారు. ఆ తర్వాత ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు నిలయానికి అండగా నిలిచి విరాళం ఇచ్చారు. సుల్తాన్ బజారులో ఆ భాషానిలయం నేటికీ ఉంది.

నిజాం నేలలో ఒక దీవి

ఆ జట్టులో మరో ముఖ్యుడు మునగాల రాజా నాయని వెంకట రంగారావు. కొమర్రాజు వారు ఆయన దగ్గరే దివాను. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న ఈ మునగాల అప్పట్లో విచిత్రమైన పరగణా. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఈ కొద్దిపాటి నేల మాత్రం బ్రిటిషు వారి కృష్ణా జిల్లాలో భాగం. పొలిమేర దాటితే చట్టం మారిపోయేది, నాణెం మారిపోయేది. పటంలో చుక్కంత కనిపించే ఆ పరగణా నుంచి వచ్చినవాళ్లే హైదరాబాదు భాషానిలయానికీ, 1906లో విజ్ఞానచంద్రికా మండలికీ ఊపిరి పోశారు. చరిత్ర, విజ్ఞాన శాస్త్రాల పుస్తకాలను తేట తెలుగులో వరుసగా అచ్చువేయాలన్న ఊహ ఈ మండలిదే.

తమ్ముడి పాఠాలు, అక్క చదువు

కొమర్రాజు వారి తొలి చదువు నేస్తం సొంత అక్క భండారు అచ్చమాంబ. బడికి వెళ్లే వీలు ఆమెకు దొరకలేదు. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకున్నారు. చివరికి తానూ రచయిత్రిగా పేరు తెచ్చుకున్నారు. 1902లో అచ్చయిన ‘ధనత్రయోదశి’ తొలి తెలుగు కథల్లో ఒకటి. తెలుగు కథకు 1910లో గురజాడ ‘దిద్దుబాటు’తో శ్రీకారం జరిగిందని చెప్పుకునేవాళ్లకు ఈ కథ ఎనిమిదేళ్ల ముందటి సాక్ష్యం. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల జీవిత చరిత్రలనూ ఆమె రాశారు. ఎన్నో గ్రంథాలయాల వెనక ఉన్న మనిషి మొదట పుస్తకం పంచుకున్నది ఇంట్లోనే అన్నమాట.

పాలమూరు నుంచి మాసపత్రిక

1913లోనే మహబూబ్‌నగర్ నుంచి ‘హితబోధిని’ అనే తెలుగు మాసపత్రిక వెలువడింది. సంపాదకులు బండారు శ్రీనివాసశర్మ. కరువు జిల్లా, వలసల జిల్లా అని పేరుపడ్డ చోటికి తెలుగు పత్రికల చరిత్రలో ముందు వరుస పీట ఉందని చాలామందికి తెలియదు. తొమ్మిదేళ్ల తర్వాత, 1922 ఆగస్టులో, నల్లగొండ నుంచి ‘నీలగిరి’, ఓరుగల్లు సీమలోని ఇనుగుర్తి నుంచి ‘తెనుగు’ కొద్దిరోజుల తేడాతో పుట్టాయి. నీలగిరికి షబ్నవీసు వెంకట రామనరసింహారావు, తెనుగుకు ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు. రైలు కూతకు దూరంగా ఉన్న పల్లెటూళ్లో అన్నదమ్ములిద్దరే రాసేవాళ్లు, వాళ్లే అచ్చు పని చూసుకునేవాళ్లు. ఇద్దరే జట్టయినా పత్రిక మాత్రం రాజ్యమంతా తిరిగింది.

గోల చేస్తే సంఘం పుట్టింది

1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోయేసరికి సభలో కొందరు గోలచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం మింగలేక కొద్దిమంది తెలుగువాళ్లు వెంటనే టేకుమాళ్ల రంగారావు ఇంట్లో కూడారు. ఆంధ్ర జనసంఘం అక్కడే పుట్టింది. వాళ్లు రాసుకున్న పనుల జాబితాలో గ్రంథాలయాలు పెట్టడం, తాళపత్రాలు, శాసనాలు వెతికి తేవడం ఉన్నాయి. శాసనాల వేటకు పెట్టుకున్న మండలికి తర్వాత కొమర్రాజు వారి పేరు పెట్టి లక్ష్మణరాయ పరిశోధక మండలి అన్నారు. అరుపులకు అరుపులతో బదులివ్వలేదు, పుస్తకాలతో ఇచ్చారు.

సూర్యాపేటలో పుస్తకాల తిరునాళ్లు

నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు పేరు చెబితే ఆనాటి కార్యకర్తలకు ఒళ్లు మండేది. రాజకీయం నోరెత్తి మాట్లాడలేని కాలంలో పుస్తకాల గురించి మాట్లాడుకోవడం కొంత మెరుగైన దారి. 1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో గ్రంథాలయ మహాసభలు జరిగాయి. సూర్యాపేట సభకు అధ్యక్షుడు వామన నాయక్. ఆ తర్వాత ఆంధ్ర మహాసభలు 1931లో దేవరకొండకు, 1936లో షాద్‌నగర్‌కు వచ్చాయి. ఒకటి నల్లగొండ జిల్లా, రెండోది అప్పటి పాలమూరు జిల్లా. చదువరుల జట్లుగా మొదలైనవాళ్లే ఈ సభల నాటికి జనాన్ని కూడగట్టేవాళ్లయ్యారు.

ముప్పై నిండడానికి పద్దెనిమిది రోజుల ముందు

సురవరం ప్రతాపరెడ్డి పుట్టింది 1896 మే 28న. ‘గోలకొండ పత్రిక’ మొదలైంది 1926 మే 10న. అంటే తెలంగాణ చరిత్రలో అంత పేరున్న పత్రికను నడపడానికి కూర్చున్న సంపాదకుడి వయసు ఇంకా ఇరవై తొమ్మిదే. పాలమూరు జిల్లా గద్వాల సీమవాడు. పత్రికలో ఒకే మనిషి పదిమందిగా కనిపించేవారు. చిత్రగుప్త, విశ్వామిత్ర, భావకవి రామమూర్తి, ఇలా మారుపేర్లు బోలెడు. ఒకరు లెక్కలు తేలుస్తారు, ఒకరు కోప్పడతారు, ఒకరు భావకవుల్ని ఆటపట్టిస్తారు. నిజాం పాలనలోని అవకతవకల మీద ఆయన అల్లిన ‘మొగలాయి కథలు’ నవ్విస్తూనే చురకపెట్టేవి. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన గంభీర పరిశోధకుడూ ఈయనే. తెలుగుకు కేంద్ర సాహిత్య అకాడమీ తొలి పురస్కారం 1955లో, ఆయన పోయిన రెండేళ్లకు, ఆ పుస్తకానికే దక్కింది.

సంపాదకీయం రాయొద్దంటే?

ముందుగా చూపించి అనుమతి తీసుకోనిదే సంపాదకీయాలు వేయరాదని సర్కారు గోలకొండ పత్రికకు ఆంక్ష పెట్టింది. సురవరం వారు కాగితాలు పట్టుకుని కచేరీ చుట్టూ తిరగలేదు. సంపాదకీయం పడాల్సిన చోట లోకంలోని మహామహుల సూక్తులు ఏరి అచ్చువేయడం మొదలుపెట్టారు. స్వేచ్ఛ గురించి ఎప్పుడో ఎవరో పెద్దాయన అన్న మాట అది. దానిమీద కేసు పెట్టడం ఎలా? పాఠకులకు మాత్రం గురి ఎవరిమీదో తెలిసేది. మంచి పుస్తకాల గది, సరైన వాక్యాన్ని సరైన రోజున వెతికి తీసే నేర్పు ఉంటే చాలు, తన మాట ఒక్కటీ రాయకుండానే మనసులో మాట చెప్పొచ్చు.

“కవులు లేరా? లెక్కపెట్టుకోండి!”

తెలంగాణలో కవులు లేరన్న అర్థం వచ్చేలా ఒక పండితుడు రాసిన మాట సురవరం వారికి తగిలింది. తగువు పెట్టుకోవడం కన్నా పుస్తకం వేయడం మేలనుకున్నారు. ఊరూరికీ కబురు వెళ్లింది. పద్యాలు, వివరాలు వచ్చిపడ్డాయి. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడేసరికి అందులో తేలిన కవులు 354 మంది. పండితులకు ఆశ్రయమిచ్చిన గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలున్న పాలమూరు సీమ నుంచి వచ్చిన సంపాదకుడికి ఈ లెక్క ముందే తెలుసు. తెలియనివాళ్లకు జాబితా కట్టి చూపించారంతే. పాఠకుడి ప్రశ్నకు వాదనతో కాక పుస్తకంతో జవాబు చెప్పడం గ్రంథపాలకుడి లక్షణం కదా!

కొత్వాలు గారి హాస్టలు

హైదరాబాదు నగర పోలీసు పెద్దగా పేరు మోసిన రాజా బహదూర్ వెంకట రామారెడ్డి స్వస్థలం పాలమూరు జిల్లా వనపర్తి సీమ. పల్లెల నుంచి చదువుకోసం వచ్చే పిల్లలకు నీడ కావాలని 1918లో రెడ్డి హాస్టలు పెట్టించారు. అక్కడి బాధ్యతలు చూసిన సురవరం వారు హాస్టలు గ్రంథాలయాన్ని పట్టుబట్టి పెంచారు. దీన్లో తమాషా ఏమిటంటే, నిజాముకు నమ్మకస్తుడైన కొత్వాలు ఊతమిచ్చిన ఆ చదువుల పందిరి కిందనే నిజాంను ఎదిరించే ఆలోచనలూ మొలకెత్తాయి. తెలంగాణ సాహిత్యానికి పెద్ద దిక్కయిన ఆంధ్ర సారస్వత పరిషత్తు కూడా 1943లో ఆ ఆవరణలోనే పుట్టింది.

నెత్తిమీద పుస్తకాల మూట

వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. వంటపని చేశారు, హోటల్లో సర్వరు పని చేశారు. తాను పనిచేసే పంతులు గారి ఇంట్లోనే చదవడం నేర్చుకున్నారు. తర్వాత గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. పాతికేళ్లు రాకముందే, 1938లో, సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి ముప్పైకి పైగా పుస్తకాలు తెచ్చారు. అచ్చువేయడంతో పని అయిపోలేదు. సంచుల్లో నింపుకుని, మూటకట్టి మోసుకుని ఊరూరూ తిరిగి అమ్మారు. షెల్ఫు, కౌంటరు, క్యాటలాగు అన్నీ ఆయనే. తెలంగాణ పల్లెల బతుకును ‘ప్రజల మనిషి’ నవలగా రాసిందీ ఆయనే.

ధర చూసే పేరు పెట్టారు

అదే సికింద్రాబాదులో అదే రోజుల్లో కె.సి. గుప్త నడిపిన ‘అణా గ్రంథమాల’ మరో కొంటె ఊహ. పుస్తకం వెల ఎంతని అడగాల్సిన పనే లేదు, పేరులోనే ఉంది. రూపాయికి పదహారు అణాలు. అంటే రూపాయి పెడితే పదహారు పుస్తకాలతో చిన్న అలమర సిద్ధం. పుస్తకం అంటే జమీందారుల ఇళ్లలో ఉండేది అనుకునే కాలంలో, చిల్లర డబ్బుకు దొరికే వస్తువుగా దాన్ని చూపించడం ఎంత పెద్ద ప్రచారమో ఆలోచించండి.

పళ్లపొడి బొగ్గు, జైలు గోడ

నిజాంను ఎదిరించినందుకు నిజామాబాదు జైల్లో ఆళ్వారుస్వామి, కవి దాశరథి కృష్ణమాచార్య కలిసి ఉన్నారు. దాశరథికి అప్పటికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు. కాగితం, కలం లేవు. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుముక్కతో దాశరథి గోడమీద పద్యాలు రాస్తే, ఆళ్వారుస్వామి చదివేవారు. జైలువాళ్లు చెరిపేస్తే మళ్లీ రాయడం, మళ్లీ చదవడం. ఒకే ఒక్క కవి, ఒకే ఒక్క పాఠకుడు, సున్నం కొట్టిన ఒక పేజీ. ఇంతకన్నా చిన్న గ్రంథాలయం లోకంలో ఎక్కడా ఉండి ఉండదు. దాశరథి తన తొలి కావ్యసంపుటి ‘అగ్నిధార’ను ఆ పాఠకుడికే అంకితమిచ్చారు. ఆళ్వారుస్వామి తన జైలు అనుభవాలను ‘జైలు లోపల’ కథలుగా మలిచారు.

వెయ్యేళ్ల కిందటి ఆరుగురు ఉద్యోగులు

గ్రంథపాలకుడి కొలువు మనకు ఇంగ్లీషువాళ్లతో రాలేదు. పాలమూరు పొరుగున ఉన్న కలబురగి జిల్లాలో నాగాయి అనే ఊరుంది. అక్కడ కల్యాణి చాళుక్యుల కాలంనాటి, 1058 ప్రాంతపు శాసనం ఒకటి దొరికింది. ఆ ఊరి ఘటికలో, అంటే విద్యాలయంలో, రెండువందల మంది వేద విద్యార్థులు, యాభై పైచిలుకు శాస్త్ర విద్యార్థులు చదివేవారు. ఉపాధ్యాయులతోపాటు ఆరుగురు ‘సరస్వతీ భాండారికుల’కు కూడా భూమి ఏర్పాటు చేశారు. అంటే పుస్తక భాండాగారం చూసుకునేవాళ్లు. రెండున్నర వందల మంది విద్యార్థులకు ఆరుగురు! ఇప్పటి కాలేజీల్లో ఈ లెక్క చెబితే ప్రిన్సిపాళ్లు నవ్వి ఊరుకుంటారేమో.

బొమ్మల దుకాణంలో తట్టిన ఊహ

భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ అసలు లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చేరిన కొత్తలో ఏమీ తోచక, మళ్లీ పాఠాలు చెప్పుకుంటానని మొరపెట్టుకున్నారు. ఇంగ్లండు వెళ్లి శిక్షణ పొందాక చూద్దామని పంపించారు. లండనులో సెల్ఫ్రిజెస్ దుకాణంలో మెకానో బొమ్మల సెట్టు కనిపించింది. అవే ఇనప పట్టీలు, అవే మరలు, కానీ ఎలా బిగిస్తే అలా కొత్త బొమ్మ. పుస్తకాల విషయాలనూ ఇలా ముక్కలుగా విడదీసి బిగించొచ్చు కదా అనిపించింది. మర స్థానంలో కోలన్ గుర్తు పెట్టారు. 1933లో కోలన్ వర్గీకరణ వెలువడింది. ఆయన ‘పంచసూత్రాల’లో మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికే అన్నది. ఆ మాటను మాటల మధ్యలో అందించింది ఆయన లెక్కల గురువు ఎడ్వర్డ్ రాస్.

ఉపన్యాసం విసుగెత్తి...

లోకమంతా వాడే దశాంశ వర్గీకరణను కనిపెట్టిన మెల్విల్ డ్యూయీకి ఆ ఊహ తట్టినప్పుడు ఇరవై ఒక్క ఏళ్లు. అమెరికాలో ఆమ్‌హర్స్ట్ కాలేజీ విద్యార్థి, గ్రంథాలయంలో సహాయకుడు. ఓ ఆదివారం చర్చిలో సుదీర్ఘమైన ప్రసంగం సాగుతుంటే మనసు పుస్తకాల మీదికి పోయిందనీ, దారి దొరికేసరికి కూర్చున్నచోటే ఎగిరి గంతేసి అరిచినంత పనయ్యిందనీ ఆయనే తర్వాత చెప్పుకున్నారు. 1876లో మొదట వచ్చిన పుస్తకం 44 పేజీలే, దానిమీద ఆయన పేరు కూడా లేదు. స్పెల్లింగు సంస్కరణ పిచ్చి ఎంతంటే, తన పేరులోంచే అదనపు అక్షరాలు కోసేసుకున్నారు.

రెండు జిల్లాలు కొన్ని అంకెల్లో

డ్యూయీ అంకెలతో ఒక ఆట ఆడొచ్చు. ఊరి పేరు చెబితే షెల్ఫు నంబరు చెప్పాలి. పోచంపల్లి అంటే? చేనేత కళ 746 అంటారొకరు. 1951లో వినోబా భావే భూదానం మొదలైన ఊరు కాబట్టి భూమి ఆర్థికం 333 అంటారు ఇంకొకరు. ఇద్దరూ గెలిచినట్టే. నాగార్జున సాగర్ ఆనకట్ట 627.8. ఫ్లోరైడు నీటిని పటిక, సున్నంతో శుద్ధిచేసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరుంది, అది 628 నీటి సరఫరా వరుసలో. పాలమూరు లేబరు కథ 331లో. ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలు 726లో. పిల్లలమర్రి మహావృక్షం 583లో. గద్వాల చీర మళ్లీ పోచంపల్లి పక్కకే చేరుతుంది. బతుకమ్మను పండుగ అంటే 394, జానపద సాహిత్యం అంటే 398. కరువు, నీళ్లు, నేత, వలస, గుడి, చెట్టు అన్నీ వరుసలో నిలబడితే రెండు జిల్లాల చరిత్ర కళ్లముందుంటుంది.

దెయ్యాన్ని ఎక్కడ పెడతారు?

ఇదే ఆటలో చిక్కు ప్రశ్న ఒకటుంది. దెయ్యాల పుస్తకం ఏ షెల్ఫులోకి? దెయ్యం నిజంగా కనిపించిందని రాస్తే 133, తత్వశాస్త్రం, మనస్తత్వం ఉన్న వరుస. అవ్వ చెప్పిన దెయ్యం కథయితే 398, జానపదం. అంటే ఊరి చివరి చింతచెట్టు మీది దెయ్యం ఉందో లేదో తేల్చాల్సిన బాధ్యత చివరికి కొత్తగా ఉద్యోగంలో చేరిన గ్రంథపాలకుడి మీద పడుతుంది! ఇక డ్యూయీ లెక్కలో తెలుగు సాహిత్యం ఇంటి నంబరు 894.827. తమిళం 894.811, మలయాళం 894.812, కన్నడం 894.814. అందరూ ఒకే వీధి.

పుట్టిన ఏడే చిరునామా

రంగనాథన్ పద్ధతిలో ఇంకో సొగసుంది. సాహిత్యానికి ఓ, తెలుగుకు 35. కవిత్వమైతే 1, నాటకమైతే 2, కథ, నవలలైతే 3. ఆ తర్వాత రచయిత పుట్టిన సంవత్సరం. 1800ల వాళ్లకు ఎం, 1900ల వాళ్లకు ఎన్. 1915లో పుట్టిన ఆళ్వారుస్వామి నవల ‘ఓ35,3ఎన్15’ దగ్గర, 1925లో పుట్టిన దాశరథి కవిత్వం ‘ఓ35,1ఎన్25’ దగ్గర దొరుకుతాయి. అంటే ఒక్కో ప్రక్రియలో రచయితలు పుట్టిన ఏళ్ల వరుసలో నిలబడి ఉంటారన్నమాట. బీరువా ముందు నడుచుకుంటూ పోతే తాతలు, తండ్రులు, మనవలు తరాలవారీగా ఎదురొస్తారు.

బండి, పడవ, కంచరగాడిద

చదువరి రాకపోతే పుస్తకమే వెళ్లాలి. 1931లో తమిళనాడు మన్నార్‌గుడిలో ఎడ్లబండి గ్రంథాలయం ఊళ్లు తిరిగింది. 1935లో కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు, అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు. అదే ఏడు అమెరికాలోని కెంటకీ కొండల్లో ఆడవాళ్లు గుర్రాల మీద, కంచరగాడిదల మీద పుస్తకాలు వేసుకుని వాగులు దాటడం మొదలుపెట్టారు. పుస్తకాలు చాలకపోతే ఊహ అక్కరకొచ్చింది. పాత పత్రికల్లోంచి వంటలు, కుట్టుపని నమూనాలు, కథలు కత్తిరించి అంటించి, సొంతంగా స్క్రాప్ పుస్తకాలు కట్టి ఇంటింటికీ తిప్పారు. మన మెట్ట నేలలో అప్పట్లో పడవ తిరిగే కాలువలు లేవు, పుస్తకాలు మోసే గుర్రాలు లేవు. ఆళ్వారుస్వామి భుజాలున్నాయి.

“ష్!” అనే బొమ్మ, ట్రాలీల డాన్సు

2003లో అమెరికాలో ఒక గ్రంథపాలకురాలి బొమ్మను ఆటవస్తువుగా అమ్మారు. పేరు నాన్సీ పెర్ల్, సియాటిల్‌లో నిజంగా పనిచేసిన మనిషే. వీపు మీది మీట నొక్కితే వేలు పెదాల మీదికి వెళ్లి ‘ష్!’ అన్నట్టు కదులుతుంది. మమ్మల్ని ఇంకా గయ్యాళులుగానే చూపిస్తారా అని తోటి ఉద్యోగులు కొందరు కోపగించుకున్నారు. ఆమె మాత్రం నవ్వుతూ బొమ్మకు ఒప్పుకున్నారు. అక్కడి గ్రంథపాలకుల వార్షిక సమావేశాల్లో ఇంకో వేడుక కూడా జరుగుతుండేది. పుస్తకాలు తోసుకెళ్లే ట్రాలీలతో జట్లు జట్లుగా సంగీతానికి అడుగులు వేస్తూ పోటీపడేవారు. నిశ్శబ్దం బోర్డు గోడకే, మనుషులకు కాదు.

వీపులతో కవిత్వం

పుస్తకాల వీపుమీది పేర్లను ఒకదాని మీద ఒకటి పేర్చి కవిత చేసే ఆట చాలా దేశాల గ్రంథాలయాల్లో ఉంది. 1993లో నీనా కచదూరియన్ అనే అమెరికన్ కళాకారిణి ‘సార్టెడ్ బుక్స్’ పేరుతో దీన్ని కళగా మార్చారు. తెలుగు పుస్తకాలకు ఈ ఆట మరీ నప్పుతుంది. పైన చెప్పిన వాటిలోనే మూడు పేర్చి చూడండి: జైలు లోపల, ప్రజల మనిషి, అగ్నిధార. ఒక్క మాట కలపకుండా నిజామాబాదు జైలు కథ మొత్తం వచ్చేసింది. మీ జిల్లా గ్రంథాలయంలో బల్లమీద ఇలా మూడు పేర్చి, ఫోటో తీసి, మళ్లీ ఎక్కడివక్కడ సర్దేయండి. సర్దకపోతే ఎవరు కసురుకుంటారో తెలుసుగా.

మీరూ పోషకులే

ఆ రోజుల్లో కుర్రాళ్లు చందాలకోసం గడప గడపకూ తిరిగేవారు. తర్వాత ఆ పని చట్టం తీసుకుంది. హైదరాబాదు రాష్ట్రానికి 1955లో గ్రంథాలయాల చట్టం వచ్చింది. 1948 నాటి మద్రాసు చట్టం తర్వాత స్వతంత్ర భారతంలో ఇది రెండోది. ఇప్పుడు మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కలిసే ఉంటుంది. నల్లగొండలో ఇల్లున్నా, నారాయణపేటలో ఇల్లున్నా, రసీదు తీసి చూస్తే మీరు ఏటా ఒక గ్రంథాలయానికి చందాదారే. పోటీ పరీక్షల పిల్లలు బెంచీలు నింపేయకముందే వెళ్లి, మీ డబ్బుతో కొన్న పుస్తకం ఒకటి అడిగి తీసుకోండి.